లాక్‌డౌన్‌లో లైబ్రరీ వాళ్ళం ఏం చదివాం? నిజం రాయొచ్చా?

చిరిగిన_అట్ట (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను ఒక స్కూల్ లైబ్రరీలో పదకొండేళ్ళుగా పనిచేస్తున్నాను. లైబ్రేరియన్‌ని కాదు, అసిస్టెంట్‌ని. పుస్తకాలు ఇవ్వడం, తీసుకోవడం, అరల్లో సర్దడం, చిరిగినవి అతికించడం, పీరియడ్ అయ్యాక కుర్చీలు లోపలికి తోయడం, ఇదీ నా పని.

లాక్‌డౌన్ వచ్చి ఐదేళ్ళయిందని మా స్కూల్లో ఒక గోడపత్రిక పెడుతున్నారు. స్టాఫ్‌కి తలా ఒక కార్డు ఇచ్చారు. నా కార్డు పైన ముందే అచ్చు వేసి ఉంది: "ఆ రోజుల్లో నేను చదివిన పుస్తకాలు". దాని కింద పది గీతలు. పీఈటీ సారుకి "ఇంట్లో నేను చేసిన వ్యాయామం" అని ఇచ్చారు. ఆయన కూడా తల పట్టుకున్నారు, అది వేరే సంగతి.

ఆ పది గీతల మీద రాయడానికి నా దగ్గర ఒక్క పుస్తకం కూడా లేదండీ.

ఎవరికి చెప్పినా నమ్మరు. "నీకేం, పుస్తకాల మధ్య ఉండేదానివి, కరువుతీరా చదువుకుని ఉంటావు" అంటారు. పుస్తకాలు స్కూల్లో తాళం లోపల ఉన్నాయి, నేను ఇంట్లో ఉన్నాను. పైగా లైబ్రరీలో పనిచేసేవాళ్ళ ఇంట్లో పుస్తకాలు పెద్దగా ఉండవు. పగలంతా వాటితోనే ఉంటాం కదా, ఇంక కొనడమెందుకు అనుకుంటాం. అప్పుడు మా ఇంట్లో ఉన్నవి ఒక నిఘంటువు, మా అమ్మాయి పాఠ్యపుస్తకాలు, ఎవరో బహుమతిగా ఇచ్చిన ఒక లావుపాటి నవల, అతికించడానికని స్కూలు నుంచి సంచిలో తెచ్చుకున్న ఏడు చిరిగిన పుస్తకాలు. అంతే.

డబ్ల్యూహెచ్‌ఓ వాళ్ళు దీన్ని మహమ్మారి అన్నది 2020 మార్చి 11న. తర్వాత కొద్ది రోజులకే మా స్కూల్ మూసేశారు. "రెండు వారాలే" అన్నారు. ఆ ఆఖరి రోజు నేను నా అంతట నేనే రూల్ తీసేశాను. మామూలుగా ఒక్కొక్కరికి రెండు పుస్తకాలు. ఆ రోజు ఎన్ని మోయగలిగితే అన్ని. ఒకబ్బాయి తొమ్మిది తీసుకుని బెల్టు విప్పి కట్టుకున్నాడు. ఆఖరి గంట కొట్టేసరికి 398 అర మొత్తం ఖాళీ. (398 అంటే లైబ్రరీ వర్గీకరణలో జానపద కథల నంబరు. మా దగ్గర ఎప్పుడూ ముందు ఖాళీ అయ్యే అర అదే.)

ఇంటికొచ్చాక ఆ లావు నవల మొదలుపెట్టాను. పద్నాలుగు పేజీలు చదివాను. పద్నాలుగో పేజీ నాలుగు రోజులు చదివాను. కళ్ళు వరస వెంట పోయేవి, చెవులు మాత్రం ఫోన్ దగ్గర ఉండేవి. పేరా చివరికి వచ్చాక ఎవరు ఎవరితో మాట్లాడారో గుర్తుండేది కాదు. పదిహేనో పేజీ ఎలా ఉంటుందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇంకో సంగతి జరిగింది. అది జరిగాక పుస్తకం ముట్టుకోవాలంటేనే సిగ్గేసింది. గడువు దాటిన పుస్తకాలకి తల్లిదండ్రుల ఫోన్లకి దానంతట అదే మెసేజ్ వెళ్ళే ఏర్పాటు మా కంప్యూటర్లో ఉంది. ప్రతి సోమవారం ఉదయం 8 గంటలకి. ఏర్పాటు చేసింది నేనే, అప్పట్లో దాని గురించి అందరికీ గొప్పగా చెప్పుకున్నాను కూడా. లైబ్రరీ మూసినా కంప్యూటర్ నడుస్తూనే ఉంది. "మీ పిల్లల పేరు మీద 5 పుస్తకాలు గడువు దాటి ఉన్నాయి. వెంటనే తిరిగి ఇవ్వగలరు." ఇల్లు దాటి బయటికి రాలేని జనానికి ప్రతి సోమవారం ఇది వెళ్తోంది. నాకు తెలియనే తెలియదు.

మూడో సోమవారం ఒక తండ్రి ఫోన్ చేశారు. కోపంగా మాట్లాడినా బాగుండేది. చాలా మర్యాదగా, "మేడమ్, పుస్తకాలు భద్రంగా ఉన్నాయి. పాప దుప్పటి కింద పెట్టుకుని పడుకుంటోంది. మా నాన్నగారు ఆస్పత్రిలో ఉన్నారు, అందుకని రాలేకపోతున్నాం. ఫైన్ ఎంతయిందో చెప్పండి, కట్టేస్తాను" అన్నారు.

ఆఫీసు అబ్బాయి ఎలాగో వెళ్ళి దాన్ని ఆపేసరికి ఇంకో సోమవారం గడిచిపోయింది. ఆ లిస్టు ఫోటో తీసి పంపమన్నాను. 212 ఇళ్ళు. సాయంత్రాలు రోజుకి పదిహేను ఇళ్ళకి ఫోన్ చేసి, "మెసేజ్ పట్టించుకోకండి, పుస్తకాలు మీ దగ్గరే ఉంచుకోండి" అని చెప్పాను. ఆ రోజుల్లో నేను మొదటి నుంచి చివరి వరకు చదివింది ఏదైనా ఉందంటే అది ఆ లిస్టే.

ఇప్పుడు చెప్పండి. ఈ పనిలో ఉన్నవాళ్ళు మీరు ఏం చదివారు? చదవలేకపోయింది నేనొక్కదాన్నేనా? ఆ కార్డు మీద ఏం రాయను? అబద్ధం రాయడం ఇష్టం లేదు, ఖాళీ కార్డు ఇస్తే బాగోదు. శుక్రవారం లోపల ఇవ్వాలి.

దుమ్ముగుడ్డ

మీరొక్కరే కాదండీ. నేను హైస్కూల్ లైబ్రేరియన్‌ని. ఆ ఏడాది నేను చదివినవన్నీ "పుస్తకాన్ని ఎన్ని రోజులు ముట్టుకోకూడదు" అనే రకం కాగితాలు.

ఓసీఎల్‌సీ అనే లైబ్రరీల సహకార సంస్థ, అమెరికాలోని బాటెల్ ప్రయోగశాల వాళ్ళు, ఇంకొందరు కలిసి "రెల్మ్" అని ఒక ప్రాజెక్టు నడిపారు. గట్టి అట్ట, మెత్తటి అట్ట, లోపలి పేజీ, ప్లాస్టిక్ కవరు, ఇలా ఒక్కోదాని మీద వైరస్ వేసి ఎన్నాళ్ళు ఉంటుందో చూశారు. 2020 జూన్‌లో మొదటి ఫలితం వచ్చింది: మూడు రోజుల తర్వాత కనిపించలేదని. అమ్మయ్య అనుకుని, తిరిగొచ్చిన పుస్తకాలు విడిగా ఉంచడానికి మూడు రోజులకి మూడు డబ్బాలు పెట్టాను. ఆ తర్వాత పుస్తకాలు ఒకదానిమీద ఒకటి దొంతరగా పేర్చి చూస్తే ఆరు రోజులకి కూడా ఆనవాలు ఉందన్నారు. ఏ లైబ్రరీలో పుస్తకాలు విడివిడిగా పరిచి పెడతారండీ? డబ్బాలు ఏడు చేశాను. సోమ, మంగళ, బుధ అని రాసి అంటించాను. కొన్నాళ్ళకి బుధవారం డబ్బాలో ఏ బుధవారం పుస్తకాలు ఉన్నాయో నాకే తెలియని స్థితి వచ్చింది.

ఇంకో ఘోరం. నేను లేని రోజు ఎవరో మంచి ఉద్దేశంతోనే వెనక గోడ పక్క రెండు అరల మీద శానిటైజర్ కొట్టేశారు. వెన్ను మీద అంటించిన నంబర్ల సిరా కారిపోయింది, అట్టలు జిగటగా అయి ఒకదానికొకటి అంటుకున్నాయి. 500 నుంచి 520 వరకు సైన్సు పుస్తకాలన్నీ ఒకే పుస్తకం అయిపోయాయి. విడదీయడానికి నెల పట్టింది.

చివరికి 2021 ఏప్రిల్‌లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ వాళ్ళు తేల్చింది ఏంటంటే, వైరస్ అంటిన వస్తువును ఒకసారి ముట్టుకుంటే జబ్బు వచ్చే అవకాశం పదివేలలో ఒకటి కన్నా తక్కువ అని. ఆ కాగితం చదివిన రోజు ఏడు డబ్బాల వైపు చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మీ కార్డు మీద ఆ లిస్టు సంగతే రాసేయండి. 212 ఇళ్ళు చదివానని.

లెక్కలమాస్టారు

రిటైర్ అయిన టీచర్‌ని. కొంచెం కటువుగా చెప్తాను, ఏమీ అనుకోకమ్మా. "నేను చదవలేకపోయాను" అనడం ఇప్పుడు ఒక ఫ్యాషన్ అయింది. అంతకుముందు "యాభై పుస్తకాలు చదివాను" అనడం ఫ్యాషన్. నేను ఆ ఏడాది 61 పుస్తకాలు చదివాను. గ్రాఫ్ నోట్‌బుక్కులో తేదీ, పేజీలు రాసి పెట్టుకున్నాను, కావాలంటే చూపిస్తాను.

1665లో ప్లేగు వచ్చి కేంబ్రిడ్జి మూసేస్తే న్యూటన్ సొంతూరు వెళ్ళిపోయాడు. 1667 దాకా ఎక్కువ కాలం అక్కడే ఉన్నాడు. కాలిక్యులస్, కాంతి మీద ఆలోచనలు ఆ సెలవుల్లోనే పదునెక్కాయి. సమయం దొరికినప్పుడు వాడుకునేవాడు వాడుకుంటాడు.

అప్పుడు యునెస్కో లెక్క ప్రకారం 190కి పైగా దేశాల్లో 150 కోట్లకు పైగా పిల్లలు బడికి దూరమయ్యారు. పుస్తకంతో పని ఉన్న మనమైనా చదివి ఉండాల్సింది అని నా అభిప్రాయం.

చిరిగిన_అట్ట

మాస్టారూ, ఆ న్యూటన్ మెసేజ్ నాకూ మా స్టాఫ్ గ్రూపులో నలుగురు పంపారు. ఆ ఇంట్లో వంట ఎవరు చేశారో, ఆయన పిల్లల ఆన్‌లైన్ క్లాసుకి ఫోన్ ఎవరిచ్చారో అందులో లేదండీ.

మా ఇంట్లో ఒకటే మంచి ఫోన్. పొద్దున అమ్మాయి క్లాసులకి, సాయంత్రం నా ఫోన్ కాల్స్‌కి, రాత్రి ఆయన ఆఫీసు మెసేజ్‌లకి. మీ మాటకి కోపం రాలేదు. ఆ 61లో మీకు బాగా గుర్తున్నవి ఎన్నో చెప్పండి, నిజంగానే అడుగుతున్నాను.

లెక్కలమాస్టారు

న్యాయమైన ప్రశ్న. ఆరు గుర్తున్నాయి. 61లో ఒక ఇరవై అపరాధ పరిశోధన నవలలు, అంతకుముందు చదివినవే. హంతకుడు ఎవరో తెలిసే మళ్ళీ చదివాను.

నేను ఒంటరిగా ఉంటాను. చదవకపోతే ఆ ఇంట్లో ఇంకో మనిషి మాట వినిపించేది కాదు. న్యూటన్ పేరు ఊరికే వాడాను, వదిలేయండి.

ఖాళీకుర్చీ

నేను ఈ పనిలో చేరి అప్పటికి ఏడు నెలలే. ప్రైమరీ స్కూల్. నాకు కంప్యూటర్ బాగా వచ్చని "ఆన్‌లైన్ లైబ్రరీ" బాధ్యత నా మీద పెట్టారు. అందుకని నేను చదివిందంతా లింకులే.

2020 మార్చి 24న ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఆన్‌లైన్ లైబ్రరీ వాళ్ళు నేషనల్ ఎమర్జెన్సీ లైబ్రరీ తెరిచారు గుర్తుందా? దాదాపు 14 లక్షల స్కాన్ చేసిన పుస్తకాలు, వెయిటింగ్ లిస్టు లేకుండా. జూన్ 30 దాకా ఉంటుందన్నారు. నేను ఆ తేదీని నమ్ముకుని పెద్ద పిల్లలకి లింకులు పంపేశాను. ఈలోగా జూన్ 1న నలుగురు పెద్ద ప్రచురణకర్తలు కాపీరైట్ దావా వేశారు, జూన్ 16కే ఆ లైబ్రరీ ఆగిపోయింది. మళ్ళీ మామూలు పద్ధతిలో, ఒక కాపీ ఒకరికే. ఆ వార్త నేను చూసుకోలేదు. తప్పు నాదే. ఒకబ్బాయి తొమ్మిదో అధ్యాయంలో ఉన్నాడు. "మేడమ్, నా పుస్తకం ఇంకెవరో తీసుకున్నారట, ఎవరు మేడమ్, మన క్లాసువాడేనా?" అని వాయిస్ మెసేజ్ పెట్టాడు. ప్రపంచంలో ఎవరైనా కావచ్చు అని వాడికి చెప్పడం చాలా కష్టమైంది. తర్వాత కేసులో ఆర్కైవ్ ఓడిపోయింది, 2023లో ఒకసారి, 2024లో అప్పీలులో ఇంకోసారి. రచయితల వైపు న్యాయం కూడా నాకు అర్థమవుతుంది. కానీ ఆ పిల్లాడి గొంతు మాత్రం మర్చిపోలేను.

తర్వాత స్టోరీవీవర్ అనే పిల్లల కథల వెబ్‌సైట్ పట్టుకున్నాను. అక్కడివి ఓపెన్ లైసెన్స్ కథలు, ఎవరు చదివినా, చదివి రికార్డు చేసినా ఇబ్బంది లేదు. ఆ రోజుల్లో చాలామంది ప్రచురణకర్తలు టీచర్లు చదివి వినిపించడానికి తాత్కాలికంగా అనుమతులు ఇచ్చారు కూడా, అయితే ఫలానా తేదీకి తీసేయాలి, లింకు క్లాసు దాటి పోకూడదు అని షరతులు ఉండేవి. ఆ షరతులు చదవడమే ఒక చదువు.

ఇంతకీ నాకొక సందేహం. సంచిలో ఏడు పుస్తకాలు తెచ్చుకున్నానన్నారు కదా. వాటిని కూడా చదవలేదా?

చిరిగిన_అట్ట

ఖాళీకుర్చీ గారూ, మీరు అడిగాక రెండు రోజులు ఆలోచించాను. ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. కొంచెం పొడుగవుతుంది.

ఆ ఏడింటినీ చదవడానికి తీయలేదు. చేతులు ఖాళీగా ఉంటే పిచ్చెక్కేలా ఉందని, అతికించడానికి తీశాను. రాత్రి అందరూ పడుకున్నాక హాల్లో నేల మీద పాత న్యూస్‌పేపర్ పరిచి కూర్చునేదాన్ని. అట్ట ఊడిపోతున్న పుస్తకానికి ఒక పద్ధతి ఉంది. సన్నటి అల్లిక సూదిని గమ్ములో ముంచి, అట్టకీ వెన్నుకీ మధ్య సందులోకి తోసి, మెల్లగా తిప్పుతూ బయటికి లాగాలి. గమ్ము లోపలి అంచుకి పట్టుకుంటుంది. మైనపు కాగితం అడ్డం పెట్టి మూసి, మీద బరువు పెట్టాలి. నా బరువులు రెండు ఇటుకలు, పాత దుప్పటి ముక్కలో చుట్టినవి.

అతికించే ముందు పేజీలు అన్నీ ఉన్నాయో లేదో చూడాలి కదా. నంబర్లు చూస్తే చాలదు, ఒక్కోసారి పిల్లలు పేజీని తిరగేసి పెడతారు, ఇంకోసారి వేరే పుస్తకం పేజీ దూర్చేస్తారు. అందుకని నాకు ఒక అలవాటు. ప్రతి పేజీ ఆఖరి వరస చదివి, తర్వాతి పేజీ మొదటి వరస చదువుతాను. వాక్యం కలిస్తే సరే. మధ్యలో ఏముందో నాకు అక్కర్లేదు.

నవల ఒక పేరా చదవలేనిదాన్ని, ఇది చదవగలిగాను. రెండేసి వరసలు. "...అంటూ తలుపు" అని ఇక్కడ ఆగుతుంది, "తీసి చూస్తే ఎవరూ లేరు" అని అక్కడ మొదలవుతుంది. సరే, కలిసింది, తర్వాతిది. మొదట్లో ఒక్కో రాత్రి ఒక పుస్తకం ఇలా దాటేసేదాన్ని. పది పదిహేను రోజులకి, తలుపు ఎందుకు తీశారో చూద్దామని పైవరస కూడా చదివాను. తర్వాత దాని పైది. అంతకన్నా పెద్దగా ఏమీ జరగలేదు.

ఇప్పుడు ఆ దుప్పటి పాప సంగతి. నాలుగో తరగతి. ఆ తండ్రికి నేను మళ్ళీ ఫోన్ చేసి క్షమాపణ చెప్తుంటే ఆయన ఫోన్ పాపకి ఇచ్చేశారు. "మేడమ్, ఐదు పుస్తకాలూ రెండేసి సార్లు చదివేశాను. ఇంకేం ఉన్నాయి?" అంది. లైబ్రరీ అంతా నా వెనకే ఉన్నట్టు. నా వెనక ఉన్నది ఇటుకల కింద ఒక జానపద కథల పుస్తకం. "ఒకటి చదవనా?" అన్నాను.

అలా మొదలైంది. రాత్రి ఎనిమిదిన్నరకి, రోజుకో కథ, పొడుగు కథైతే సగం. నేను చదువుతుంటే తను ఊ కొట్టేది. చెప్పక్కర్లేదు, ఎలా నేర్చుకుందో, వాక్యం ఆగిన ప్రతిచోటా "ఊఁ". ఆ ఊఁ లో రకాలు ఉండేవి. రాక్షసుడు వస్తే చిన్నది. పెళ్ళిళ్ళ దగ్గర విసుగ్గా, త్వరగా పోనీ అన్నట్టు. ఒక రాత్రి మధ్యలో ఊఁ ఆగిపోయింది. నిద్రపోయిందేమో అనుకున్నాను, కానీ ఊపిరి వినిపిస్తోంది. వాళ్ళ నాన్న ఫోన్ తీసుకుని "ఇవాళ్టికి చాలు మేడమ్" అన్నారు. తాతగారు పోయారని మర్నాడు తెలిసింది.

ఇంక చేయకూడదేమో అనుకున్నాను. నాలుగో రోజు వాళ్ళే చేశారు. పాప కొత్త కథ వద్దంది. ఆ రోజు ఎక్కడ ఆపానో సరిగ్గా ఆ వాక్యం నుంచే చదవమంది. ఎక్కడ ఆపానో నాకు గుర్తులేదు, తనకి గుర్తుంది.

ఆ పుస్తకంలోనే 63, 64 పేజీలు లేవు. ఒక చెల్లెలు కొండ మీది బావి దగ్గరికి వెళ్తుంది. 62 చివర "బావిలోకి తొంగి చూసేసరికి" అని ఉంది. 65 మొదట్లో "అని నవ్వి, ముసలమ్మ ఆమె చేతికి దీపం ఇచ్చింది." ఏ ముసలమ్మ? ఎందుకు నవ్వింది? నా రెండు వరసల పద్ధతిలో ఈ గుంట నాకు ముందే తెలుసు, కానీ ఆ పాప దగ్గర పేజీ లేదని చెప్పలేకపోయాను. రేపు రాత్రి చదవాలి. పగలంతా పని చేసుకుంటూ ఆలోచించాను. అన్ని నెలల్లో నా బుర్ర ఒక కథ మీద అంతసేపు నిలబడింది అప్పుడే. రాత్రి ఎనిమిదింటికి కూర్చుని రాశాను. పేజీకి 22 వరసలు పట్టే పుస్తకం, నేను కూడా 22 వరసల్లో పట్టించాను, రెండు వైపులా. బావిలో ముసలమ్మ ఉంది, అక్కడ చీకటి కాబట్టి పైకి చూసి ఎవరైనా వస్తే దీపం అడుగుతుంది, ఈ పిల్ల దీపం తేలేదు, కానీ నీళ్ళలో చందమామ ఉందిగా చాలదా అంది, అందుకని ముసలమ్మ నవ్వింది. అయితే తన దగ్గర దీపం ఉండి కూడా ఎందుకు అడిగింది అని మీరు అడగొచ్చు. పాప కూడా అడిగింది. "పరీక్షించడానికి" అని తప్పించుకున్నాను.

ఆ కాగితాన్ని 62కీ 65కీ మధ్య అతికించేశాను. లోపలి అంచుకి సన్నగా ఒక గీతలా గమ్ము, అంతే.

స్కూళ్ళు తెరిచాక ఆ పాప తన ఐదు పుస్తకాలూ తెచ్చి ఇచ్చింది. మొదట అడిగింది ఇదే. మర్నాడు వచ్చి, "మేడమ్, 63 మీ చేతిరాత" అంది. నిలదీస్తున్నట్టు కాదు, అచ్చుతప్పు చూపించినట్టు.

తర్వాత స్టాక్ వెరిఫికేషన్‌లో అదే పుస్తకం ఇంకో కాపీ పాత బీరువా వెనక దొరికింది. అసలు 63వ పేజీలో ముసలమ్మ బావిలో లేదు, బావి పక్క చెట్టు మీద ఉంది. పిల్ల బావిలోకి చూస్తే చెట్టు మీది ముసలమ్మ నీళ్ళలో కనిపిస్తుంది. నా కన్నా చాలా బాగుంది, ఒప్పుకుంటాను. పాపని పిలిచి రెండూ చూపించాను. నా పేజీయే బాగుందంటుందని లోపల కొంచెం ఆశ ఉంది. నిలబడే రెండూ చదివింది. "అసలుదే బాగుంది మేడమ్" అంది. తర్వాత, "కానీ అప్పుడు ఇది లేదు కదా" అంది.

ఇదండీ. దీన్ని చదవడం అంటారో లేదో నాకు తెలియక ప్రశ్నలో రాయలేదు.

లెక్కలమాస్టారు

అంటారమ్మా. నా 61 పక్కన పెట్టి చెప్తున్నాను. ఆ నోట్‌బుక్కులో నేను ఇంకొకరికి చదివి వినిపించినది ఒక్కటీ లేదు.

ఖాళీకుర్చీ

కార్డు మీద పుస్తకం పేరు రాసి, పక్కన పేజీలు "1–62, 65 నుంచి చివరి వరకు" అని రాయండి. అడిగినవాళ్ళకి మిగతాది చెప్పండి.

చిరిగిన_అట్ట

అదే రాశాను ఇందాక. మొదటి గీత నిండింది. రెండో గీత మీద లావు నవల, 14 పేజీలు అని నిజమే రాశాను. మూడో దాని మీద 212 ఇళ్ళ లిస్టు, దుమ్ముగుడ్డ గారి సలహా. మిగతా ఏడు గీతలు ఖాళీగా వదిలేశాను. మా లైబ్రేరియన్ మేడమ్ చూసి "ఇంకొంచెం నింపొచ్చు కదా" అన్నారు. లేదండీ, ఇంతే అన్నాను. పీఈటీ సారు కార్డు మీద "నడక, వరండాలో, 40 అడుగులు అటు, 40 అడుగులు ఇటు" అని ఉంది. బాగా రాశారు.

దుమ్ముగుడ్డ

ఇదంతా సరే కానీ మీరు వాడిన గమ్ము ఏది? పీవీఏనా? నీళ్ళు కలిపారా? నా 500 అరలో ఇంకా పదకొండు పుస్తకాలు అట్టలు ఊడి ఉన్నాయి.

చిరిగిన_అట్ట

పీవీఏనే, ఆ తెల్లది. సూదితో సందులోకి పెట్టేటప్పుడు కొద్దిగా నీళ్ళు కలిపాను, సూది నుంచి జారేంత. పేజీ అతికించడానికి మాత్రం కలపకండి, కాగితం ముడత పడుతుంది. చిరిగిన పేజీలకి దయచేసి సెల్లోటేపు వేయకండి, కొన్నాళ్ళకి పసుపు పచ్చగా అయి అక్షరాలు తినేస్తుంది, సన్నటి జపనీస్ టిష్యూ దొరికితే అది వాడండి. రాత్రంతా బరువు కింద ఉంచాలి. పొద్దున తీసేటప్పుడు తొందరపడకండి, మైనపు కాగితం ముందు ఒక మూల నుంచి ఎత్తి చూడండి.